రాణి పోయిన సాయంత్రం ఒక మీమ్‌కి నవ్వాను, అది తప్పేనా?

లేట్‌షిఫ్ట్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా, ఎవరికి చెప్పినా ఇంకా దాని గురించేనా అంటున్నారు.

2022 సెప్టెంబర్ 8, గురువారం. అప్పుడు నేను లండన్‌లో ఒక ఆఫీసులో చేస్తున్నా. ఆరోజు మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ప్యాలెస్ నుంచి రెండు ముక్కల ప్రకటన వచ్చింది, బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఆరోగ్యం గురించి డాక్టర్లు ఆందోళన పడుతున్నారని. కాసేపటికి టీవీలో న్యూస్ చదివే ఆయన నల్ల టై కట్టుకుని కూర్చున్నాడు, అది చూడగానే ఆఫీసులో అందరికీ విషయం అర్థమైపోయింది, ఎవరూ పైకి అనలేదు అంతే. సాయంత్రం ఆరున్నరకి చెప్పేశారు, స్కాట్లండ్‌లో ఉన్న బాల్మోరల్ కోటలో పోయారని. 96 ఏళ్ళు.

మా టీమ్‌కి ఒక వాట్సాప్ గ్రూప్ ఉండేది, పదకొండు మందిమి. ఆ వార్త వచ్చి పది నిమిషాలు కూడా అయ్యుండదు, టీమ్‌లో ఉన్న ఐరిష్ అబ్బాయి ఒక మీమ్ పెట్టాడు. రాణి స్వర్గం గుమ్మం దగ్గర హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని నిలబడి ఉంటుంది, కాపలావాడు "ముందు ఆ కోహినూర్ వజ్రం తిరిగిచ్చి రండి" అంటాడు. నేను బస్సులో ఉన్నా, నవ్వొచ్చింది, ఏమీ ఆలోచించకుండా నవ్వే బొమ్మ నొక్కేశా. ఇంకో నలుగురు కూడా నొక్కారు. రెండు మూడు నిమిషాలకి గ్రూప్‌లో ఒక చిన్న లైన్ కనపడింది, మా టీమ్‌లో పెద్దావిడ గ్రూప్‌లోంచి వెళ్ళిపోయారని.

ఆవిడ గురించి చెప్పాలి మీకు. నేను ఆ దేశం వచ్చిన కొత్తలో ఏ డాక్టర్ దగ్గర పేరు రాయించుకోవాలో, చలికి ఎలాంటి కోటు కొనుక్కోవాలో అన్నీ చెప్పింది ఆవిడే. 2020లో మా అమ్మ పోయింది. లాక్‌డౌన్, ఫ్లైట్లు లేవు, అంతా ఫోన్‌లోనే చూశా. మర్నాడు ఆవిడ మా ఇంటి ముందుకి ఒక మడత కుర్చీ తెచ్చుకుని, రూల్ ప్రకారం రెండు మీటర్ల దూరంలో వేసుకుని, గంటన్నర కూర్చుంది. నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే ఒక్క మాట మాట్లాడకుండా అలా ఉండిపోయింది. అలాంటి మనిషి ఏడుస్తున్న టైములో నేను నవ్వే బొమ్మ నొక్కా, అదీ నన్ను తినేస్తున్న సంగతి. తర్వాత ఆవిడ నాతో మామూలుగానే మాట్లాడింది, కానీ పని వరకే. ఏడాదికి నేను వేరే ఉద్యోగంలోకి మారిపోయా.

ఇంకో వైపు చూస్తే, మా తాతయ్య 1942లో జైలుకెళ్ళిన మనిషి. మా ఇంట్లో ఆ కిరీటం గురించి ఒక మంచి మాట విన్న గుర్తు లేదు. నాకు ఆ కుటుంబం మీద భక్తి ఎందుకుండాలి చెప్పండి? పైగా ఆ పది రోజులూ చూశా కదా, ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే "ఇది సమయం కాదు" అని నోరు మూయించడం, కొందర్ని పోలీసులు పట్టుకెళ్ళడం. అవి చూసినప్పుడల్లా నవ్వడమే కరెక్ట్ అనిపించేది, ఆవిడ గుర్తొస్తే మళ్ళీ గుండె పిండేసేది.

గద్దె మీద ఉన్న రాజో రాణో పోతే ఎంతవరకు గౌరవం ఇవ్వాలి, ఎక్కడ మాట్లాడొచ్చు? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది, ఊరికే ఓదార్చకండి.

సూటిగా:

తప్పేం లేదు అక్కా. వాళ్ళు మనకి చేసినదాని ముందు ఒక మీమ్ ఎంత? బతికున్నప్పుడు విమర్శిస్తే రాజద్రోహం, పోయాక విమర్శిస్తే మర్యాద లేదు, మరి ఎప్పుడు అనాలి? చచ్చినోడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా.

పాతపుస్తకాలు:

లేట్‌షిఫ్ట్ గారూ, ముందు ఒక చిన్న సంగతి చెప్తా, కోపం తెచ్చుకోకండి. 1942లో గద్దె మీద ఉన్నది ఈవిడ తండ్రి ఆరో జార్జి. ఈవిడ రాణి అయింది 1952 ఫిబ్రవరి 6న, అప్పటికి మనం రిపబ్లిక్ అయ్యి రెండేళ్ళు దాటింది. వజ్రం ఇంకా వెనక్కి, 1849లో లాహోర్ ఒప్పందం మీద సంతకం పెట్టిన పంజాబ్ సిక్కు రాజు దులీప్ సింగ్‌కి పదేళ్ళు, పదేళ్ళ పిల్లాడి చేత రాజ్యమూ రాయీ రెండూ రాయించుకున్నారు. అయితే ఈవిడకి ఏ లెక్కా లేదని కాదు. ఈవిడ పాలనలోనే కెన్యాలో బ్రిటిష్ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటుని అణిచారు, క్యాంపుల్లో పెట్టి హింసించారు, 2013లో బ్రిటన్ ప్రభుత్వం విచారం ప్రకటించి 5,228 మందికి దాదాపు రెండు కోట్ల పౌండ్లు ఇవ్వాల్సొచ్చింది. తండ్రి పోయారన్న వార్త ఈవిడకి అందింది కూడా ఆ కెన్యాలోనే. కాబట్టి కోపం ఉండొచ్చు, ఏ లెక్క ఎవరిదో తెలుసుకుని ఉంటే ఆ కోపానికి బలం ఎక్కువ అని నా ఉద్దేశం.

ఇక మీ ప్రశ్న. మన రామాయణంలోనే ఇది ఉంది కదండీ. రావణుడు పడిపోయాక విభీషణుడు నేను వీడికి సంస్కారం చెయ్యను అంటాడు, సొంత తమ్ముడే! అప్పుడు రాముడు మరణాంతాని వైరాణి అంటాడు, పగలన్నీ చావుతో సరి, నీకు ఎలాగో నాకూ అలాగే ఇప్పుడు, చెయ్యవలసింది చెయ్యి అని. రావణుడు మంచివాడని మాత్రం రాముడు ఎక్కడా అనలేదు, చేసిన తప్పు చెరిపెయ్యలేదు. చేసిందల్లా ఆ శరీరాన్ని అవమానించొద్దు అనడం, అంతే. అలాగే భారతంలో, తొడలు విరిగి పడున్న దుర్యోధనుడి తల మీద భీముడు కాలు పెడతాడు. ఎన్ని పడ్డాడు భీముడు, ఎంత కారణం ఉంది! అయినా ధర్మరాజు ఆపుతాడు, వద్దురా, రాజు, మనవాడు, పడిపోయినవాడు అని.

నాకు అక్కడ కనపడే గీత ఒకటే, కొన ఊపిరితో ఉన్న మనిషి మీద కాలు పెట్టడం వేరు, ఆ మనిషి చేసిన పనుల లెక్క అడగడం వేరు. ఆరోజే నైజీరియాలో పుట్టిన ఒక అమెరికా ప్రొఫెసర్ ఆవిడ ట్వీట్ పెట్టింది గుర్తుందా, రాణి ఇంకా పోకముందే, చావు నొప్పితో రావాలని. ట్విట్టర్ తీసేసింది. ఆవిడ బాధ నకిలీది కాదు, నైజీరియా నుంచి విడిపోవడానికి జరిగిన బియాఫ్రా యుద్ధంలో వాళ్ళ వాళ్ళు చచ్చిపోయారు, అప్పట్లో బ్రిటన్ నైజీరియా ప్రభుత్వానికి ఆయుధాలిచ్చింది. ఆ సామ్రాజ్యం గురించి ఆవిడ అడిగినదాంట్లో నాకు తప్పు కనపడలేదు. నొప్పితో పోవాలని కోరుకోవడం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను, అక్కడ నాకు భీముడి కాలే కనపడింది.

లెక్క అడగడం కూడా కొత్తేం కాదు. పాత ఈజిప్టు గురించి డయోడోరస్ అనే గ్రీకు రచయిత ఏం రాశాడంటే, రాజు పోతే 72 రోజులు గుళ్ళు మూసి, పండగలు మానేసి, జనమంతా సంతాపం పాటించేవాళ్ళట, ఆఖరి రోజు శవపేటికని సమాధి గుమ్మం ముందు పెట్టి, ఈయన మీద ఎవరికైనా ఫిర్యాదు ఉందా అని అడిగేవాళ్ళట. పూజారులు పొగిడేవాళ్ళు, జనం ఒప్పుకుంటే కేకలేసి మెచ్చుకునేవాళ్ళు, ఒప్పుకోకపోతే గోల చేసేవాళ్ళు, అలా గోల వల్ల రాజలాంఛనాలతో సమాధి దక్కని రాజులు చాలామంది ఉన్నారని రాశాడు. ఆయన రాసింది ఎంతవరకు జరిగిందో చరిత్రకారులు తేల్చుకోవాలి, నాకు నచ్చింది ఆ ఏర్పాటు. గౌరవమూ విచారణా రెండూ ఒకే వరుసలో, ముందు 72 రోజుల మౌనం, తర్వాత నోరు విప్పే హక్కు.

ఆ బ్రిటన్‌లోనే నాలుగో జార్జి 1830లో పోతే టైమ్స్ పత్రిక అంత్యక్రియలు అయిన మర్నాడు ఏం రాసిందో తెలుసా? తోటి మనుషులు ఇంత తక్కువ బాధపడిన చావు ఇంకొకటి లేదు, ఈయన కోసం ఏ కన్ను ఏడ్చింది అని. సంపాదకీయంలో! పేరు దాచుకుని గోడ మీద రాసిన రాత కాదు. అంత్యక్రియలు అయ్యేదాకా ఆగారు, ఒక్కరోజు కూడా ఎక్కువ ఆగలేదు.

నాలుగో_అంతస్తు:

నాకు ఆ పెద్ద చర్చలు తెలీవు అండీ, నా అనుభవం ఒకటి చెప్తా. సెప్టెంబర్ 19 అంత్యక్రియల రోజు సెలవు ఇచ్చారు కదా, ఆరోజు మా నాన్నకి స్కాన్ ఉంది, ఏడు వారాల నుంచి ఎదురు చూస్తున్న స్కాన్. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి క్యాన్సిల్ అన్నారు, కొత్త డేట్ లెటర్‌లో వస్తుంది అన్నారు. మాకొక్కళ్ళకే కాదు, దేశమంతా చాలామందికి ఇలాగే అయింది, పేపర్లలో కూడా వచ్చింది. నాన్న ఏమన్నారంటే "నేను ఆవిడ కోసం లేచి నిలబడతాను, నా స్కాన్ రద్దయితే ఆవిడకి గౌరవం ఎలా అవుతుంది" అని. ఆయన ఆరోజు రెండు నిమిషాల మౌనానికి నిజంగానే లేచి నిలబడ్డారు కూడా, నడుం నొప్పితో గోడ పట్టుకుని. సైకిల్ సంఘం వాళ్ళు అంత్యక్రియల టైములో సైకిల్ తొక్కకండి అని చెప్పి తిట్లు తిని వెనక్కి తీసుకున్నారు, అది వదిలెయ్యొచ్చు. కొన్ని ఫుడ్ బ్యాంకులు ఆరోజు మూసేస్తాం అన్నాయి చూడండి, అది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆకలికి సంతాపదినం ఉండదు కదా.

బ్యాంకాక్_బాబాయ్:

లేట్‌షిఫ్ట్ అమ్మా, నేను బ్యాంకాక్‌లో ఆరేళ్ళున్నా, భూమిబోల్ రాజు పోయినప్పుడు అక్కడే ఉన్నా. 2016 అక్టోబర్ 13. ఆయనకి 88 ఏళ్ళు, 70 ఏళ్ళు గద్దె మీద. మీరు అడిగిన ప్రశ్నకి అవతలి అంచు ఎలా ఉంటుందో చెప్తా.

మొదట మంచి చెప్పాలి, ఎందుకంటే అది నిజం. ఆ ఏడుపు నటన కాదు. మా బిల్డింగ్ కింద ఉండే వాచ్‌మ్యాన్ మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, నేను కళ్ళారా చూశా. ప్యాలెస్ దగ్గర సనామ్ లువాంగ్ మైదానంలో జనం రాత్రంతా వరసలో కూర్చునేవాళ్ళు, బైక్ ట్యాక్సీ వాళ్ళు అక్కడికి ఊరికే తీసుకెళ్ళేవాళ్ళు, తెలియని వాళ్ళు వచ్చి నీళ్ళు, అన్నం పంచేవాళ్ళు. ఏడాదిలో కోటీ ఇరవై లక్షలకి పైగా జనం వచ్చి దణ్ణం పెట్టుకున్నారు. దహనం జరిగింది 2017 అక్టోబర్ 26న, ఏడాది తర్వాత.

నల్ల బట్టలు మొదటి వారంలోనే దొరకడం మానేశాయి. రేట్లు పెంచేస్తున్నారని ప్రభుత్వం హెచ్చరించింది, వీధుల్లో పెద్ద గంగాళాల్లో నల్ల రంగు మరగబెట్టి జనం బట్టలు ముంచి ఇచ్చేవాళ్ళు. మా పనిమనిషి తన రెండు పసుపు చొక్కాలు తెచ్చి ముంచింది, ఆ పసుపు రాజుగారు పుట్టిన సోమవారం రంగు అని ఏళ్ళ తరబడి ప్రేమగా వేసుకున్నవే. ఆవిడ చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి వారం రోజులు.

ఇక రెండో వైపు. నలుపు వేసుకోని వాళ్ళని ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం మొదలైంది. కొనుక్కోడానికి డబ్బుల్లేనివాళ్ళు ఉంటారు, వాళ్ళని తిట్టకండి అని చివరికి ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది, నల్ల రిబ్బన్ పెట్టుకున్నా చాలు అన్నారు. ఫుకెట్‌లో ఎవరో ఏదో పోస్ట్ పెట్టాడని వందల మంది వాళ్ళ ఇంటి మీదకి వెళ్ళారు. న్యాయశాఖ మంత్రి అలాంటివాళ్ళకి సమాజమే బుద్ధి చెప్పాలి అన్నాడు. అక్కడ 112 సెక్షన్ ఉంది, రాజుని అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళు జైలు. నా ఫ్రెండ్ ఒకడు, థాయ్ వాడే, రాజుగారంటే పిచ్చి ప్రేమ, వాడు ఒకరోజు నాతో గొంతు తగ్గించి ఏమన్నాడంటే, "నేను మనస్ఫూర్తిగా ఏడుస్తున్నా, కానీ ఏడవకపోతే ఏమవుతుందో కూడా తెలుసు, ఇప్పుడు నా ఏడుపు నాదేనా అని నాకే అనుమానం వస్తోంది". అమ్మా, ఆ మాట నేను మర్చిపోలేను. బలవంతం పెడితే ముందు దెబ్బ తినేది నిజంగా ప్రేమించినవాడే. నవ్వే స్వేచ్ఛ ఉన్న చోటే ఏడుపుకి విలువ ఉంటుంది. మీ ఐరిష్ అబ్బాయిని ఎవరూ జైల్లో పెట్టలేదు, మీ పెద్దావిడ ఎవరి భయంతోనూ ఏడవలేదు, అందుకే ఆవిడ ఏడుపు నాకు అంత విలువైనదిగా కనపడుతోంది.

గెంజి_కప్పు:

బ్యాంకాక్ బాబాయ్ గారూ, జపాన్‌లో చట్టం లేకుండానే ఇదంతా జరిగిందండి. హిరోహిటో చక్రవర్తి 1988 సెప్టెంబర్‌లో మంచం పట్టారు, 1989 జనవరి 7న పోయారు. ఆ నాలుగు నెలలూ జాతరలు, పెళ్ళి విందులు మానుకున్నారు, ఒక కార్ యాడ్‌లో గాయకుడు "అందరూ బావున్నారా" అని పలకరిస్తాడు, ఆ మాట వినపడకుండా సౌండ్ తీసేసి పెదాలు మాత్రం కదిలేలా వేశారు. దీన్ని జిషుకు అంటారు, ఎవరికి వాళ్ళు తగ్గి ఉండటం. ఆ టైములోనే నాగసాకి మేయర్ మోతోషిమా, చక్రవర్తికి యుద్ధ బాధ్యత ఉంది అని సభలో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు, 1990 జనవరిలో ఆయన్ని వెనక నుంచి తుపాకీతో కాల్చారు, అదృష్టం, బతికాడు. అణుబాంబు పడిన ఊరి మేయరే ఆ మాట అనకూడదంటే ఇంకెవరు అనాలి?

కొడుకు అకిహిటో ఇదంతా చూశాడు. 2016 ఆగస్టులో టీవీలో మాట్లాడినప్పుడు, చక్రవర్తి ఆరోగ్యం విషమిస్తే సమాజం స్తంభించిపోతుంది, జనం ఇబ్బంది పడతారు, పోయాక రెండు నెలలు రోజూ కర్మకాండ, ఏడాదంతా ఆ కార్యక్రమాలే, ఇది తప్పించొచ్చా అని ఆలోచిస్తున్నా అన్నాడు. 2019 ఏప్రిల్ 30న బతికుండగానే దిగిపోయాడు. కొత్త శకం మొదలైన రాత్రి జనం వీధుల్లో పండగ చేసుకున్నారు, ఎవరి మనసూ నొప్పించకుండా. రాజు వైపు నుంచి జనానికి ఇచ్చిన గౌరవం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

క్యూలో_పద్నాలుగు:

నేను రాచరికం ఉండకూడదు అనేవాణ్ణి, ఇప్పుడూ అదే అంటా. అయినా రాణి శవపేటికకి దణ్ణం పెట్టడానికి లండన్‌లో కట్టిన ఆ క్యూలో నిలబడ్డా. పద్నాలుగు గంటలు. ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకే సరిగ్గా తెలీదు, మా ఆవిడ వెళ్దాం అంది, వెళ్ళాం.

చేతికి రంగు పట్టీ కట్టారు, నంబర్ వేసి, దాంతో బాత్రూమ్‌కి వెళ్ళొచ్చినా నీ చోటు నీకు ఉంటుంది. థేమ్స్ ఒడ్డున రాత్రంతా నడక, నాలుగు అడుగులు వెయ్యడం, ఆగడం. మా ముందు ఒక రిటైర్డ్ నర్స్, వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు. ఆ పిల్లలు దారి పొడుగునా రాణి మీద జోకులు వేస్తూనే ఉన్నారు, నర్సమ్మ కూడా నవ్వింది, ఆవిడ కూడా రెండు చెప్పింది. అదే నర్సమ్మ హాల్లోకి వెళ్ళాక పేటిక ముందు మోకాలు వంచి లేవలేకపోతే ఆ జోకులు వేసిన పిల్లాడే చెయ్యి ఇచ్చి లేపాడు. జోకూ గౌరవమూ ఒక రాత్రంతా పక్కపక్కనే నడవడం నేను చూశా, మనకి ఈ రెండూ పడవనే భ్రమ ఎక్కడ నుంచి వచ్చిందో తెలీదు.

లోపల ఆ నిశ్శబ్దం మామూలుది కాదు. కార్పెట్ పరిచారు, అడుగుల చప్పుడు రాదు. ఇరవై నిమిషాలకోసారి కర్ర నేల మీద కొట్టిన శబ్దం, కాపలా మారతారు, అంతే. అలా మెట్లు దిగుతుంటే నాకు ఒకటి తట్టింది. ఆ వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌లోనే 1649 జనవరిలో మొదటి చార్లెస్ రాజుని నిలబెట్టి విచారించి మరణశిక్ష వేశారు, ఆయన కూర్చున్న చోట నేల మీద ఒక ఇత్తడి రేకు కూడా ఉంది. ఒక రాజుకి శిక్ష పడిన గది, ఇంకో రాణికి రెండున్నర లక్షల మంది దణ్ణం పెట్టిన గది, రెండూ ఒకటే. ఆ దేశం ఆ రెంటినీ దాచలేదు.

మరి నా కోపం ఎక్కడంటే, ఇప్పుడు చెప్తా. రాణి పోయింది గురువారం. శనివారం, సెప్టెంబర్ 10న, చార్లెస్‌ని రాజుగా ప్రకటించారు. ఆదివారం ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ప్రకటన చదువుతుంటే ఒకాయన "ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారు" అని అరిచాడు, పట్టుకుని చేతులకి బేడీలేశారు, తర్వాత ఆ కేసు నిలబడలేదు, ఎత్తేశారు. ఎడిన్‌బరాలో రాచరికం వద్దు అని అట్ట పట్టుకున్న ఒక అమ్మాయిని అరెస్ట్ చేశారు. లండన్‌లో పార్లమెంట్ ముందు ఒక లాయర్ తెల్ల కాగితం పట్టుకుని నిలబడితే, దాని మీద ఈయన నా రాజు కాదు అని రాస్తే ఏం చేస్తారు అని అడిగితే, అరెస్ట్ అవ్వొచ్చు అన్నాడు పోలీసు. తెల్ల కాగితం అండీ! ఆ గొడవ పెద్దదయ్యాక జనానికి నిరసన తెలిపే హక్కు తప్పకుండా ఉందని పోలీస్ శాఖే ప్రకటించాల్సొచ్చింది.

"ఇది సమయం కాదు" అన్నారని లేట్‌షిఫ్ట్ గారు రాశారు కదా. మామూలు మనిషి చావుకి ఆ మాట కరెక్ట్. కానీ గద్దె మీద ఉన్న మనిషి పోతే ఆ వారంలో రెండు పనులు జరుగుతాయి, ఒక ముసలావిడ అంత్యక్రియలు, ఒక దేశం అధికారం చేతులు మారడం. మొదటిదానికి నోరు మూసుకుందాం, నేనే ముందు మూసుకుంటా. రెండోదాని గురించి ఆ వారంలో అడగకపోతే ఇంకెప్పుడు అడుగుతాం? సంతాపం పూర్తయ్యేసరికి రాజు సింహాసనం మీద ఉంటాడు, ఇంకో ఇరవై ముప్పై ఏళ్ళ దాకా ఆ ప్రశ్నకి సమయం రాదు. కాబట్టి ఆక్స్‌ఫర్డ్‌లో అరిచినాయన రాణిని అవమానించలేదు, ఆయన అడిగింది కొత్త రాజు గురించి. పేటిక వెళ్తుంటే అరిస్తే నేనూ ఆయన్ని తప్పు పడతాను. ప్రకటన చదువుతుంటే అరిచాడు, అది అడగాల్సిన చోటే.

మీ మీమ్ విషయంలో నా మాట కావాలంటే, జోక్‌లో తప్పు లేదు, వజ్రం సంగతి నిజమే కదా. ఆ గ్రూప్‌లో ఆవిడ ఉంది, అక్కడ తప్పు. సంతాపం ఉన్న ఇంటి బయట ఏమైనా మాట్లాడుకోవచ్చు, గుమ్మంలో నిలబడి మాట్లాడం కదా.

సూటిగా:

ఒప్పుకుంటా, నేను తొందరపడి రాశా. కానీ ఆ ఐరిష్ అబ్బాయి మాటేంటి? వాళ్ళ బాధ చిన్నదా? 1972లో ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో బ్రిటిష్ సైన్యం ఒక్క మధ్యాహ్నం పదముగ్గుర్ని కాల్చి చంపింది, ఆ సైనికులకి కమాండర్‌గా ఉన్నాయనకి అదే ఏడాది చివర రాణి పేరు మీద బిరుదిచ్చారు. వాళ్ళని మర్యాదగా ఉండమని చెప్పడానికి మనమెవరం?

పాతపుస్తకాలు:

@సూటిగా, చెప్పడానికి మనమెవరం అన్నది నూటికి నూరు పాళ్ళు నిజం. అందుకే వాళ్ళే ఏం చేశారో చూద్దాం. ఆ రాత్రి డబ్లిన్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో జనం రాణి శవపేటికలోకి చేరిందని ఎగతాళిగా పాట పాడారు, అది ఉంది. ఇంకోటి కూడా ఉంది. 2011లో ఈ రాణి డబ్లిన్ వెళ్ళింది, వందేళ్ళలో ఆ గడ్డ మీద కాలు పెట్టిన మొదటి బ్రిటిష్ పాలకురాలు, బ్రిటన్ మీద తిరగబడి చనిపోయినవాళ్ళ స్మారకం ముందు తల వంచింది, విందులో ఉపన్యాసం ఐరిష్ భాషలో మొదలుపెట్టింది. 2012లో, బ్రిటన్ మీద ఆయుధాలతో పోరాడిన ఐఆర్ఏ అనే ఐరిష్ దళానికి ఒకప్పటి నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్‌తో చెయ్యి కలిపింది, 1979లో ఆమె బంధువు మౌంట్‌బాటన్‌ని బాంబు పెట్టి చంపింది ఆ ఐఆర్ఏనే. ఆవిడ పోయాక సెప్టెంబర్ 13న చార్లెస్ ఉత్తర ఐర్లాండ్ వస్తే, సిన్ ఫెయిన్ పార్టీకి చెందిన స్పీకర్ అలెక్స్ మాస్కీ నిలబడి సంతాపం చదివాడు. రాచరికాన్ని ఒప్పుకోని పార్టీ మనిషి. తన నమ్మకం ఒక్క ముక్క కూడా వదలకుండా, ఎదుటివాళ్ళ ఇంట్లో చావు జరిగిందని గుర్తుపెట్టుకుని మాట్లాడాడు. అలా మాట్లాడాలని అతన్ని ఎవరూ బలవంతపెట్టలేదు కూడా, అందుకే చెప్తున్నా.

మన వైపు చూస్తే 1997 అక్టోబర్‌లో ఇదే రాణి జలియన్‌వాలా బాగ్ వచ్చింది, చెప్పులు విప్పి పూలగుత్తి పెట్టింది, అర నిమిషం మౌనం, క్షమాపణ మాత్రం చెప్పలేదు. పక్కనే భర్త అక్కడి ఫలకం మీద రాసిన చనిపోయినవాళ్ళ సంఖ్య ఎక్కువ చేసి రాశారన్నాడు. చూడండి, ఆయన కూడా వేరేవాళ్ళ చావు దగ్గర నిలబడి మాట్లాడాడు. మనకి ఎంత కాలింది! అక్కడే నాకు అర్థమైంది, ఈ నియమం మనం వాళ్ళకి చేసే ఉపకారమేం కాదు, మనవాళ్ళ చావుల దగ్గర వాళ్ళ నుంచి మనం అడిగేది కూడా ఇదే.

రియాద్_రిటర్న్:

ఒక చిన్న పాయింట్. సౌదీలో అబ్దుల్లా రాజు 2015 జనవరి 23న పోయారు, అదే రోజు మధ్యాహ్నం ఒక గుడ్డ చుట్టి, పేరు కూడా లేని సమాధిలో మామూలు జనం ఉండే శ్మశానంలో పెట్టేశారు. సంతాప సెలవు లేదు, జెండా కిందకి దించలేదు, జెండా మీద దైవవాక్యం ఉంటుంది కాబట్టి దించరు. అదే రాజు కోసం లండన్‌లో జెండాలు సగానికి దించారు, అక్కడి జనమే ఎందుకని గొడవ చేశారు. అంటే వాళ్ళకి ఆడంబరమే అగౌరవం. పెద్ద పెద్ద ఊరేగింపు లేకపోతే గౌరవం లేనట్టు కాదని చెప్పడానికి రాశా.

లేట్‌షిఫ్ట్:

అందరివీ రెండేసి సార్లు చదివా. క్యూలో నిలబడ్డ అన్నా, గుమ్మంలో నిలబడి మాట్లాడం అన్నారు చూడండి, అది చదివాక ఇక ఆగలేక ఇందాక ఆవిడకి ఫోన్ చేశా. రెండేళ్ళు దాటింది మాట్లాడి. నంబర్ మార్చలేదు.

ఆవిడకి ఆ మీమ్ గుర్తుంది. వజ్రం గురించి నీకు కోపం ఉంటే నాతో ఏ రోజు అయినా అనుండొచ్చు, నేను విని ఉండేదాన్ని, నాకూ సిగ్గుగానే ఉంటుంది ఆ విషయం అంది. తను ఏడ్చింది కిరీటం కోసం కాదట. 2021 ఏప్రిల్ 17న విండ్సర్‌లో రాణి భర్త అంత్యక్రియలు టీవీలో వచ్చాయి కదా, కోవిడ్ రూల్ ప్రకారం ముప్పై మందే, రాణి నల్ల మాస్క్ పెట్టుకుని బెంచీ చివర ఒక్కతే కూర్చుంది, పక్కన ఎవరూ లేరు. మా పెద్దావిడ భర్త పోయింది ఆ జనవరిలో. ఆయన అంత్యక్రియల్లో ఈవిడ కూడా అలాగే ఒక కుర్చీలో ఒక్కతే కూర్చుందట, కొడుకు రెండు మీటర్ల అవతల, లేచి దగ్గరికి రాబోతే అక్కడి మనిషి చెయ్యి చూపించి ఆపాడట. రాణి కూడా రూల్ తప్పలేదు, నేనూ తప్పలేదు, ఆ ఒక్క ఫోటో చూసి నాకు తోడు ఉన్నట్టు అనిపించింది, ఆ తోడు పోయింది ఆరోజు అంది.

ఆ జనవరిలో మేం ఆఫీసు తరఫున ఆన్‌లైన్‌లో ఒక కార్డు పంపాం. నేను పేరు టైప్ చేసి, పక్కన ఒక గుండె బొమ్మ పెట్టా. మడత కుర్చీ తీసుకుని వాళ్ళింటి ముందుకి వెళ్ళాలని నాకు అప్పుడు తట్టనే లేదు.